50 కిలోమీటర్లకు 12 మీటర్ల వాలు: నీమ్‌లో సైకిల్ మీద

దక్షిణ ఫ్రాన్స్‌లో నీమ్ అనే ఊరికి రోమన్లు దాదాపు రెండు వేల ఏళ్ల కింద కాలువ కట్టి నీళ్లు తెచ్చారు. కాలువ పొడవు సుమారు 50 కిలోమీటర్లు. నీళ్లు బయల్దేరిన ఊటకూ, ఊర్లోకొచ్చి పడ్డ తొట్టికీ మధ్య ఎత్తు తేడా 12 మీటర్ల చిల్లర. అంటే సగటున కిలోమీటరుకు 25 సెంటీమీటర్లు. పంపు లేదు, మోటారు లేదు. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన నాలాంటి వాడికి ఈ ఒక్క లెక్క చాలు. ఫ్రాన్స్ పోయొచ్చి ఈఫిల్ టవర్ ఫొటో ఒక్కటి కూడా పెట్టలేదేమని అడుగుతున్న వాళ్లందరికీ జవాబు ఇదే, నేను అటు పోనే లేదు.

మా బిడ్డా అల్లుడూ ఉండేది నీమ్‌లో. ఉద్యోగాలు పక్క ఊరు మోంపెలియేలో, రోజూ రైల్లో పోయొస్తారు. పొద్దున వాళ్లు బయటపడ్డాక సాయంత్రం దాకా ఇంట్లో మేమిద్దరమే. మా ఇంటామె హన్మకొండలో ఉన్న చెల్లెళ్లకు వీడియో కాల్ పెట్టుకుని కూర్చునేది, నేను అల్లుడి సైకిల్ తీసేవాణ్ని. ఆయన ఆరడుగుల మనిషి, సీటు ఆఖరి గుర్తు దాకా దించితే గానీ నా కాలు నేలకు ఆనలేదు. ఇక్కడ హన్మకొండలో మన పొద్దుటి సైకిల్ బ్యాచ్‌తో వడ్డేపల్లి చెరువు కట్ట, భద్రకాళి బండ్, ఖిలా వరంగల్ తిరిగే అలవాటుంది కాబట్టి తొక్కడం గురించి టెన్షన్ లేదు. టెన్షన్ అంతా కుడివైపు నడిచే ట్రాఫిక్ గురించే. రౌండెబౌట్ దగ్గర మొదట్లో దిగి నడిపించుకుంటూ పోయేవాణ్ని, సిగ్గేం లేదు. కానీ ఒక మాట చెప్పాలి, అక్కడ సైకిల్‌ను దాటే కారు ఊర్లో అయితే మీటరు, ఊరి బయట అయితే మీటరున్నర దూరం వదలాలని చట్టం ఉంది, చాలామంది నిజంగానే వదులుతారు. దాటడానికి జాగా లేకపోతే వెనకాలే మెల్లగా వస్తారు, హారన్ కొట్టరు. కాజీపేట బ్రిడ్జి మీద సైకిల్ తొక్కినవాళ్లకు ఈ సుఖం విలువ తెలుస్తుంది.

ఊరు పెద్దదేం కాదు, లక్షన్నర జనాభా. పాత ఊరు చుట్టూ గుండ్రంగా చెట్ల రోడ్డు, లోపల ఇరుకు గల్లీలు, రోమన్ల నాటివన్నీ సైకిల్ మీద ఒక గంటలో చుట్టేయొచ్చు, చూడటానికి మాత్రం గంట చాలదు. ఎక్కడ చూసినా తాటిచెట్టు లాంటి చెట్టుకు కట్టేసిన మొసలి బొమ్మ కనబడుతుంది, కాలిబాట మీద గుండ్రటి లోహపు బిళ్లల మీద కూడా అదే. ఇది ఇక్కడి రోమన్ నాణెం మీది బొమ్మ. ఒకవైపు అగస్టస్ చక్రవర్తి, ఆయన సేనాని అగ్రిప్ప తలలు, రెండోవైపు ఈజిప్టును గెలిచిన గుర్తుగా మొసలి. 1535లో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాంస్వా దాన్ని ఊరి చిహ్నంగా వాడుకోవడానికి ఒప్పుకున్నాడు. మనకు కాకతీయ తోరణం ఎట్లాగో వాళ్లకు మొసలి అట్లాగ, బస్టాపు నుంచి బేకరీ దాకా.

నేను మొదట పోయింది అగస్టస్ ద్వారం దగ్గరికి. ఇటలీ నుంచి స్పెయిన్ దిక్కుగా పోయే వియా డొమిషియా అనే రోమన్ రహదారి ఊర్లోకి వచ్చేది ఇక్కడే. క్రీస్తు పూర్వం 16-15 నాటి కట్టడం. నాలుగు దారులుంటాయి, మధ్యలో రెండు పెద్దవి బండ్లకు, అటొకటి ఇటొకటి చిన్నవి నడిచేవాళ్లకు. సైకిల్‌కు ఏ దారి ఇచ్చేవాళ్లో అని కాసేపు ఆలోచించాను. ఇప్పుడైతే అది రోడ్డు మట్టం కంటే కింద, కంచె వెనకాల ఉంది, దేన్లోంచీ పోలేం. మన ఖిలా వరంగల్ దర్వాజాలో ఇప్పటికీ ఆటోలు, బండ్లు, మన సైకిళ్లు అన్నీ పోతాయి, కాకపోతే లోపల మలుపు తిరగాలి. నేరుగా పోనీకుండా కట్టారు, ఏనుగులూ గుర్రాలూ దూసుకురాకుండా. రోమన్ల ద్వారం మాత్రం తిన్నగా ఉంటుంది. ఈ ద్వారం కట్టినవాళ్లకు దాడి భయం పెద్దగా లేదని, వచ్చేవాడికి దర్జా చూపించాలనే ఉండిందని నాకనిపిస్తుంది.

మేజోన్ కారే అనే రోమన్ గుడి గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను కొంచెమే రాస్తాను. 2023లో యునెస్కో జాబితాలో చేరింది, మన రామప్ప చేరిన రెండేళ్లకు. బయట నుంచి చూస్తే నిన్న మొన్న కట్టినట్టుంటుంది. అంత బాగా మిగలడానికి కారణం, ఏ కాలంలోనూ దాన్ని ఖాళీగా వదలకపోవడమే. ఒకప్పుడు గుర్రాల కొట్టం, తర్వాత చర్చి, తర్వాత దస్తావేజుల ఆఫీసు, ఆ తర్వాత మ్యూజియం. నాకు నచ్చింది మాత్రం దాని నొసటి మీది రంధ్రాలు. అక్కడ ఒకప్పుడు కంచు అక్షరాలుండేవి. ఎవరో పీకేశారు, మేకులు దిగిన రంధ్రాలు మాత్రం మిగిలాయి. 1758లో ఈ ఊరివాడే, సెగ్యే అనే పండితుడు, ఆ రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గీసుకుని, ఏ అక్షరానికి ఎన్ని మేకులు ఎక్కడ పడతాయో లెక్కగట్టి, శాసనం మొత్తం చదివేశాడు. అగస్టస్ దత్తు తీసుకున్న మనవళ్లు గేయస్, లూషియస్‌ల పేరున కట్టిన గుడి అని అట్లా బయటపడింది. మన వేయిస్తంభాల గుడి శాసనం 1163లో నల్లరాతి మీదే చెక్కారు, పీక్కుపోయే పని లేదు. కంచు మోజులో ఈ కష్టం ఉంది మరి.

అరీనా, అంటే రోమన్లు కూర్చుని ఆటలు చూసే గుండ్రటి కట్టడం, దాని దగ్గర మాత్రం నేను చాలాసేపు ఉన్నాను. రెండంతస్తులు, ఒక్కో అంతస్తుకు 60 కమానులు, పొడవు 133 మీటర్లు, వెడల్పు 101. సుమారు 24 వేల మంది కూర్చునేవాళ్లట. క్రీస్తు శకం మొదటి శతాబ్దం చివర్లో కట్టారు. ఇప్పటికీ ఎద్దుల పోట్లాటలు, సంగీత కచేరీలు జరుగుతాయి, నేను పోయిన రోజు కూడా లోపల స్టేజీ కడుతూ ఇనుప రాడ్లు దింపుతున్నారు. అయితే నన్ను ఆపేసింది ఈ ఆటల సంగతి కాదు. రోమన్ల రాజ్యం పడిపోయాక విసిగోత్‌లు అనే జర్మానిక్ తెగవాళ్లు దీన్ని కోటగా మార్చుకున్నారు, ఆ తర్వాత వందల ఏళ్ల పాటు జనం లోపలే ఇళ్లు కట్టుకుని బతికారు. కమానులకు గోడలు పెట్టి గదులు, మధ్యలో గల్లీలు, రెండు చర్చిలు. 18వ శతాబ్దంలో కూడా సుమారు 700 మంది ఉండేవాళ్లు. ఆ శతాబ్దం ఆఖర్లో మొదలుపెట్టి, తర్వాతి శతాబ్దం మొదట్లో ఇళ్లన్నీ తీసేసి, ఈరోజు మనం ఫొటోలు తీసుకునే శుభ్రమైన అరీనాను బయటికి తెచ్చారు.

అది చదువుతుంటే నాకు ఖిలా వరంగల్ గుర్తు రాకుండా ఎట్లా ఉంటుంది? మట్టికోట లోపల, రాతికోట లోపల ఊరికి ఊరే ఉంది మనకు. కీర్తి తోరణాల పక్క నుంచి పొద్దున్నే పాలబండి పోతుంది, గోడ పక్కన బర్రెలు కట్టేసి ఉంటాయి, ఖుష్ మహల్ దాటితే పొలాలు. వారసత్వం కాపాడాలంటే ఖాళీ చేయించాలని మాట్లాడేవాళ్లను నేను చాలామందిని చూశాను, ఆ మాటలో న్యాయం లేదని చెప్పలేను, కోటగోడ రాళ్లు ఇళ్ల పునాదుల్లో కనబడినప్పుడు కడుపు మండుతుంది. కానీ నీమ్ అరీనాలో ఆ 700 మంది ఎక్కడికి పోయారో చెప్పే బోర్డు నాకు ఎక్కడా కనబడలేదు. రోమన్ల కాలం గురించి పది బోర్డులున్నాయి.

ఊరికి ఉత్తరాన చిన్న గుట్ట, దాని మీద తూర్ మాన్ అనే బురుజు. కింద 18వ శతాబ్దపు పెద్ద తోట, రాతి మెట్లు, నీటి కాలువలు, సైకిల్ లోపలికి రానివ్వరు, గేటు దగ్గర తాళం వేసి నడిచే ఎక్కాలి. బురుజు అష్టభుజి ఆకారంలో ఉంటుంది, ఇప్పుడు మిగిలిన ఎత్తు 30 మీటర్ల పైమాటే, అగస్టస్ కాలంలో ఊరి చుట్టూ కట్టిన ప్రాకారంలో ఇదే ఎత్తైనది. లోపల మెట్లు ఎక్కి పైకి పోతే ఊరంతా కనబడుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు లోపల ఎందుకింత డొల్లగా ఉందని అడిగితే టికెట్ ఇచ్చే అమ్మాయి ఓపిగ్గా ఇంగ్లిష్‌లో చెప్పింది. 1601లో త్రోకా అనే తోటమాలి, నోస్ట్రడామస్ జోస్యంలో ఏదో చదివి, ఈ బురుజు కింద నిధి ఉందని నమ్మాడు. రాజు నాలుగో హెన్రీ దగ్గర అనుమతి కూడా తెచ్చుకున్నాడు, దొరికితే రాజుకు పెద్ద వాటా. తవ్వాడు, తవ్వాడు, లోపలి రాతికట్టు చాలావరకు పీకేశాడు. ఏమీ దొరకలేదు. బురుజు పడిపోకుండా తర్వాతి వాళ్లు లోపల దన్ను కట్టాల్సి వచ్చింది.

నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. మన దగ్గర ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఎన్ని కాకతీయుల గుళ్లలో లింగం కింద గొయ్యి ఉంటుందో తిరిగినవాళ్లకు తెలుసు. పానవట్టం పక్కకు తోసి, నంది కడుపు పగలగొట్టి, గర్భగుడి నేల తవ్వి, గుప్తనిధుల పేరుతో చేసిన నాశనం యుద్ధాలు కూడా చేయలేదు. నాలుగు వందల ఏళ్ల కింద ఫ్రాన్స్‌లో కూడా ఇదే పిచ్చి ఉండేదని తెలిస్తే కాస్త ఓదార్పు అనాలో ఏమనాలో. ఒక తేడా ఉంది, త్రోకా పేరు అక్కడ చరిత్రలో రాసిపెట్టారు. మన వాళ్లవి ఎఫ్ఐఆర్‌లలో కూడా సరిగ్గా ఉండవు.

ఇక నీళ్ల దగ్గరికి వస్తాను. ఆ గుట్ట పాదంలో ఒక ఊట ఉంది. రోమన్లు రాకముందు నుంచీ ఇక్కడి జనం దాన్ని నెమౌసస్ అనే దేవుడిగా కొలిచారు, ఊరు పుట్టిందే దాని చుట్టూ. మరి ఊర్లోనే ఊట ఉండగా 50 కిలోమీటర్ల కాలువ ఎందుకు? తాగడానికి నీళ్లు లేక కాదు. స్నానశాలలకు, వీధి ఫౌంటెన్లకు, గొప్పింటి వాళ్ల తోటలకు, రోమన్ నగరం అన్నాక ఉండాల్సిన హంగులన్నిటికీ ఎడతెగని ధార కావాలి. కాలువ రోజుకు సుమారు 40 వేల ఘనపు మీటర్ల నీళ్లు తెచ్చేదని అంచనా. నాలుగు కోట్ల లీటర్లు.

ఆ నీళ్లు వచ్చి పడే తొట్టి, కాస్టెల్లమ్ అంటారు, టూరిస్టులు పెద్దగా పోని ఒక వీధిలో ఉంది. తోట దగ్గర నుంచి సైకిల్ మీద కొద్దిసేపే, కాస్త ఎక్కుడు. టికెట్ లేదు, గేటు లేదు, ఇళ్ల మధ్య రైలింగ్ అవతల గుండ్రటి రాతి తొట్టి. అడ్డంగా ఐదున్నర మీటర్లు, లోతు మీటరున్నర కంటే కాస్త తక్కువ. ఒకవైపు కాలువ నోరు. ఎదురుగా గోడకు పది గుండ్రటి రంధ్రాలు, ఒక్కో రంధ్రానికి ఒక సీసం పైపు, ఒక్కో పైపు ఊర్లో ఒక్కో దిక్కుకు. అడుగున ఇంకో మూడు రంధ్రాలు. 1844లో బయటపడింది, ఇంత బాగా మిగిలింది ఇదీ, పాంపేయిలో ఉన్నదీ తప్ప పెద్దగా లేవు. నేను రైలింగ్ పట్టుకుని ఆ పది రంధ్రాలను ఎంతసేపు చూశానో, పక్కింటి ముసలామె కిటికీ తీసి రెండుసార్లు చూసి పోయింది. సర్వీసంతా కాలువల మీద గడిపిన వాడికి అది గుడి. నేను పనిచేసిన ప్రతి కాలువ మీదా గొడవ ఒకటే, మొదట్లో ఉన్నవాళ్లకు నీళ్లు ఎక్కువ, చివరి ఆయకట్టుకు ఎండిన బోదె. ఇక్కడ చివరనే తొట్టి కట్టి, చివరనే పంచారు. దారిలో ఎవరైనా గండి కొట్టి ఉండరా అంటే, అంత నమ్మకం నాకు లేదు, మనుషులు మనుషులే.

ఈ ఊరికి నీళ్లతో ఇంకో రకం సంబంధం కూడా ఉంది. 1988 అక్టోబర్ 3న చుట్టూ గుట్టల మీద కుండపోత వాన పడి, మామూలు రోజుల్లో ఎండిపోయి ఉండే వాగులు పొంగి, ఊరి మీద పడ్డాయి. ఆ వాగుల మీద కాలక్రమంలో రోడ్లూ ఇళ్లూ వచ్చేశాయి మరి. మనకు 2020 ఆగస్టులో, 2023 జులైలో హన్మకొండ కాలనీల్లో నడుము లోతు నీళ్లు ఎందుకొచ్చాయో దీనికి వేరే వివరణ అక్కర్లేదు. నాలా నాలాగానే ఉండాలి, నేను సర్వీసులో ఉన్నప్పుడూ అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను, వినేవాడు అప్పుడూ లేడు.

ఈ కాలువను గార్దోన్ నది దాటించడానికి రోమన్లు కట్టిన పోన్ దు గార్ వంతెనకు ఆదివారం అల్లుడితో కలిసి పోయాను. నీమ్ నుంచి పాతిక కిలోమీటర్లు. "గా ఎండల పోతవా బాపూ, నీళ్ల సీసాలు రెండు పెట్టుకో" అని బిడ్డ, "ఆయనకు చెప్పి లాభం లేదు" అని మా ఇంటామె. పెద్దరోడ్డు మీద లారీలు ఎక్కువని అల్లుడు పల్లెల దారి పట్టించాడు. గారిగ్ అంటారు అక్కడి నేలను, సున్నపురాతి గుట్టలు, ముళ్ల పొదలు, మోకాలెత్తు చెట్లు, ఏదో వాము లాంటి వాసన, చెవులు దిబ్బడ పడేలా కీచురాళ్లు. వేసవిలో మన పరకాల దిక్కు చెలకలు ఎట్లుంటాయో అంత ఎండగా ఉంటుంది, మట్టి మాత్రం ఎర్రగా కాకుండా తెల్లగా.

దారి ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. "మామా, గేర్ తగ్గించుండ్రి, మోకాళ్లు పోతయ్" అని అల్లుడు వెనక్కి తిరిగి అరుస్తూనే ఉన్నాడు. మూడో గుట్ట ఎక్కుతుంటే నాకు విషయం కాళ్లలోకి దిగింది. ఊట ఉన్న యుజెస్ ఊరికీ నీమ్‌కూ నేరుగా గీత గీస్తే 20 కిలోమీటర్లే. కానీ మధ్యలో ఈ గుట్టలున్నాయి. నేను ఈ పూట ఎక్కి దిగిన ఎత్తులు ఫోన్ యాప్ కూడితే వందల మీటర్లు వస్తుంది. కాలువ మాత్రం మొత్తం ప్రయాణంలో 12 మీటర్ల చిల్లర దిగింది, ఒక్క చోట కూడా ఎక్కలేదు. అందుకే తూర్పుగా చుట్టు తిరిగి, గుట్టల అంచులు పట్టుకుని, 50 కిలోమీటర్లు నడిచింది. కారులో కూర్చుంటే ఈ దారి సాపుగా ఉన్నట్టే అనిపిస్తుంది. తొడలు మండుతుంటే మాత్రం ఆ లెవెల్స్, అంటే ఎత్తుల కొలతలు, పట్టిన మనిషి ఎవరో గానీ అతనికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

వాలు సంగతి నిజం చెప్పాలంటే కిలోమీటరుకు 25 సెంటీమీటర్లు, అంటే 4 వేలకు 1, మన ఇంజనీర్లకు వింత కాదు. మన పెద్ద కాలువలు ఇంకా తక్కువ వాలు మీద నడుస్తాయి. కానీ మన చేతిలో ఎత్తు తేడాలు కొలిచే డంపీ లెవెల్ ఉండేది, దానికి దుర్భిణి ఉండేది, ఇప్పుడైతే ఉపగ్రహాలే ఉన్నాయి. వాళ్ల దగ్గరున్న సాధనాల్లో ఒకటి ఆరు మీటర్ల పొడవున్న చెక్క బల్ల. పైన నీళ్లు పోయడానికి గాడి, పక్కల తూకపు దారాలు. గాలి లేనప్పుడు దారం చూసుకోవాలి, గాలి ఉంటే గాడిలో నీళ్లు. అట్లాంటి వాటితో గుట్టలూ లోయలూ దాటి 50 కిలోమీటర్లు లెవెల్స్ మోసుకొచ్చారు. డంపీ లెవెల్ స్టాండు సరిగ్గా పాతక, కొలత గొలుసు పట్టే మా చైన్‌మన్‌తో పొద్దంతా తిట్లు తిన్న రోజులు గుర్తొచ్చాయి, తిట్టింది ఆయనే, తిన్నది నేను.

వంతెన దగ్గర వాళ్ల తెలివి ఇంకా బయటపడుతుంది. గార్దోన్ నది లోయ లోతు, అంత ఎత్తున వంతెన కట్టడం కష్టం. అందుకని వంతెనకు ముందు కాలువను సగటు కంటే ఎక్కువ వాలుతో దింపేశారు, వంతెన ఎత్తు ఆ మేరకు తగ్గింది. తగ్గినా 49 మీటర్లు ఉంది, చూడండి. ముందే వాలు ఖర్చు పెట్టేశారు కాబట్టి తర్వాతి దూరమంతా అతి తక్కువ వాలుతో నెట్టుకురావాలి. వంతెన మీదనైతే ఈ కొస నుంచి ఆ కొసకు కాలువ దిగేది రెండున్నర సెంటీమీటర్లే. ఇట్లా ఒక చోట మిగిల్చి ఒక చోట ఖర్చుపెట్టడం ఎస్టిమేట్ వేసే వాళ్లకే అర్థమవుతుంది. టూరిస్టులంతా కమానుల ఫొటోలు తీస్తుంటే నేను అల్లుడికి ఇదంతా చెబుతూ ఇసుకలో వేలితో గీతలు గీశాను, పాపం మొత్తం విన్నాడు.

కమానులు అందంగా ఉన్నాయి, కాదనను. కింద 6, మధ్యలో 11, పైన ఇప్పుడు 35, ఒకప్పుడు 47 ఉండేవి. కింది రెండు వరుసలకూ సున్నం వాడలేదు, రాయి మీద రాయి బిగించారంతే, కొన్ని రాళ్లు ఆరు టన్నుల దాకా ఉంటాయి. రాయి తెచ్చింది నది పక్కనున్న క్వారీ నుంచే. గోడల్లో అక్కడక్కడా రాళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, సారువ కట్టడానికి వదిలినవి, పనయ్యాక చెక్కేయలేదు. మన పాత గుళ్లలో పూర్తికాని శిల్పం చూస్తే వచ్చే చనువు లాంటిది వచ్చింది వాటిని చూస్తే. 1740లలో ఈ వంతెనకు ఆనించి, అదే ఎత్తులో కింది వరుస పక్కన ఇంకో వంతెన కట్టారు, సైకిల్ దిగి నడిపించుకుంటూ దాని మీద నది దాటొచ్చు. అంతకు ముందు బండ్లు పోవడానికని మధ్య వరుస స్తంభాలనే పక్కన చెక్కేశారట, పడిపోతుందేమోనని తర్వాత భయపడి సరిచేశారు. 2002 సెప్టెంబర్‌లో గార్దోన్‌కు భారీ వరద వచ్చింది, వంతెనకు ఏమీ కాలేదు.

కాలువ లోపల సున్నం, ఇటుక పొడి కలిపి గచ్చు చేశారు. అచ్చంగా మన సుర్ఖీయే. దాన్ని చూసి కట్టింది ఎవరైనా మేస్త్రీ మేస్త్రీయేనని అల్లుడితో అన్నాను. కానీ ఆ కాలువను చంపింది ఆ సున్నమే, కలిపిన సున్నం కాదు, నీళ్లలో వచ్చిన సున్నం. సున్నపురాతి ఊట నీళ్లు కదా, బోరు నీళ్లకు గీజర్ కాయిల్ మీద పేరుకునేట్టు గోడల మీద పొరలు పొరలుగా పట్టింది. మొదటి రెండు వందల ఏళ్లు గీకి శుభ్రం చేసుకున్నారు. నాలుగో శతాబ్దం తర్వాత రాజ్యం బలహీనపడి పట్టించుకునేవాడు లేకపోయాడు, ఒక్కో గోడకు అరమీటరు దగ్గర దాకా సున్నం పేరుకుని నీటి దారి ఇరుకైపోయింది. తిరిగొచ్చే దారిలో సాన్ బొనే అనే చిన్న ఊర్లో ఆగాం, అక్కడి మధ్యయుగం నాటి చర్చిని ఆ కాలువ రాళ్లతో, పేరుకుపోయిన ఆ సున్నపు పలకలతో కట్టారు. గోడ దగ్గరగా చూస్తే పొరలు కనబడతాయి, ఏటేటి నీళ్లు.

మనవాళ్లు ఇదే నీటి పని ఇంకో తీరుగా చేశారు, ఎందుకో కూడా అక్కడే అర్థమైంది. వాళ్ల నేల సున్నపురాయి, ఏడాదంతా పారే ఊటలుంటాయి, కాబట్టి ఊట దగ్గర నుంచి దారి వేస్తే చాలు. మనది గట్టి రాయి, పడ్డ వాన నాలుగు నెలల్లో పోతుంది, ఎక్కడ పడ్డదాన్ని అక్కడ ఆపుకోవాలి. అందుకే రెండు గుట్టల మధ్య కట్ట వేసి పాకాల, రామప్ప, లక్నవరం. ఒక చెరువు మత్తడి దుంకితే కింది చెరువులోకి, దాని మత్తడి దుంకితే ఇంకా కిందికి, గొలుసుకట్టు. వాలును వాళ్లు దాచి దాచి వాడారు, మనవాళ్లు మెట్లు మెట్లుగా వాడారు. ఇంకో తేడా నాకు బాగా పట్టింది. అంత కష్టపడి తెచ్చిన నీళ్లు ముఖ్యంగా స్నానాలకూ ఫౌంటెన్లకూ పోయాయి. గణపతిదేవుడి కాలం నాటి చెరువుల కింద ఇవాళ్టికీ వరి పండుతోంది. ఇందులో ఎవరు గొప్ప అని పోటీ పెట్టే ఉద్దేశం లేదు, అయినా నేను ఓరుగల్లు వాణ్ని కాబట్టి నా ఓటు చెరువుకే.

పూడిక సంగతిలో మాత్రం ఇద్దరిదీ ఒకటే కథ. నీరటి లేని చెరువు, గీకేవాడు లేని కాలువ. మిషన్ కాకతీయలో 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలని పెట్టుకున్నారంటేనే అంతకు ముందు ఎన్నేళ్లు వదిలేశామో లెక్కేసుకోవచ్చు. తీసిన చోట నీళ్లు నిలిచాయి, తీసినట్టు రాసిన చోట కాగితాలు నిలిచాయి.

పోవాలనుకునే వాళ్లకు నాలుగు మాటలు. ఏప్రిల్, మే, లేదంటే సెప్టెంబర్ చివర పొండి, జులై ఎండ మన ఎండకు ఏం తీసిపోదు. లోకల్ రైళ్లలో సైకిల్ ఎక్కించుకోవచ్చు. పోన్ దు గార్‌కు నీమ్ నుంచి తొక్కలేమనుకుంటే బొకేర్ అనే ఊరి వైపు నుంచి పాత రైలు పట్టాల దారిని సైకిల్ బాటగా మార్చారు, అది సాపుగా ఉంటుంది, లారీలు ఉండవు. పల్లెల్లో మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు, రొట్టెలూ నీళ్లూ ముందే కొనుక్కోండి, మేము పచ్చిమిర్చి తొక్కు డబ్బా కూడా పెట్టుకున్నాం, వాళ్ల పొడుగు రొట్టెకు అది బాగా కుదురుతుంది. ఉత్తరం నుంచి మిస్ట్రల్ అనే గాలి వీచే రోజు మాత్రం సైకిల్ తీయకండి, పోయేటప్పుడు ఎదురుగాలికి గేర్లేవీ పనిచేయవు. ఆ రోజుకు అరీనా ఎదురుగా 2018లో తెరిచిన రోమన్ మ్యూజియం ఉంది, లోపల చల్లగా ఉంటుంది, మూడు గంటలు తేలిగ్గా గడుస్తాయి.